రొయ్యకు రాతిగుల్ల చుట్టమెలా అయింది?

పడవల అడుగున, రేవు స్తంభాల మీద, అలలు తగిలే బండల మీద తెల్లటి గరుకు గుల్లలు గుంపులుగా అతుక్కుని ఉంటాయి. వాటిని బార్నకిల్స్ అంటారు. పడవ వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి వాటిని గీకి తీయించడం తీరప్రాంతంలో మామూలు పని. సున్నపు పలకల గూడు కట్టుకుని, ఉన్నచోటు నుంచి కదలకుండా బతికే ఈ ప్రాణిని ఎవరు చూసినా నత్త జాతో ఆల్చిప్ప జాతో అనుకుంటారు. 19వ శతాబ్దం మొదట్లో ఐరోపా జంతుశాస్త్రానికి పెద్దదిక్కుగా వెలిగిన జార్జ్ కువియే కూడా అలాగే అనుకుని దాన్ని మొలస్కాల్లో చేర్చాడు. నిజానికి అది రొయ్యకూ పీతకూ దగ్గరి చుట్టం. ఆ సంగతి తేల్చింది పెరిగిన బార్నకిల్ కాదు, దాని పిల్ల. జంతువుల చుట్టరికం తెలియాలంటే తయారైన శరీరం కన్నా అది తయారయ్యే క్రమాన్నే ఎక్కువ నమ్మాలన్నది నా వాదన. వెన్నెముక లేని జంతువుల విషయంలో ఇది మరీ ముఖ్యం. భూమ్మీది జంతు జాతుల్లో నూటికి 95కు పైగా అవే. వాటి పెద్ద రూపాలు ఎంత వింతగా మారిపోయాయంటే, పైరూపు చూసి వర్గీకరించబోయిన మహామహులే తప్పటడుగులు వేశారు.

బార్నకిల్ గుట్టు విప్పినవాడు జాన్ వాఘన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు. ఐర్లండ్‌లోని కార్క్ దగ్గర సముద్రంలో సన్నటి గుడ్డ వల లాగి, అందులో పడిన సూక్ష్మజీవులను గాజుపాత్రలో పెంచి చూసేవాడు. రెండు పలకల మధ్య ఒదిగి, కాళ్లతో ఈదే ఒక చిన్న ప్రాణి కొన్నాళ్లకు పాత్రకు అతుక్కుని బార్నకిల్‌గా మారడం చూశాడు. 1830లో ఆ సంగతి ప్రచురించాడు. అంతకంటే ముందు దశ, అంటే గుడ్డులోంచి వచ్చే తొలిరూపం, నాప్లియస్. మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకు ఆ మాట కొత్త కాదు. తల్లిరొయ్య వదిలిన గుడ్లు పగిలితే వచ్చేది నాప్లియస్సే. అది జోయా, మైసిస్ దశలు దాటి పీఎల్ (పోస్ట్ లార్వా) అయ్యాకే చెరువుకు సీడ్‌గా వెళుతుంది. మూడు జతల కాళ్లు, నుదుటి మధ్య ఒకే ఒక్క కన్ను, కణుపులు పడని శరీరం: రొయ్య నాప్లియస్‌కూ బార్నకిల్ నాప్లియస్‌కూ ఈ లక్షణాలన్నీ ఒకటే. బార్నకిల్ పిల్లకు ముందువైపు రెండు మూలలా చిన్న కొమ్ములుంటాయి, అంతే తేడా. ఆరు నాప్లియస్ దశలు దాటాక అది సైప్రిడ్ అవుతుంది. సైప్రిడ్ ఏమీ తినదు. రాయి మీద స్పర్శకాలతో నడుస్తూ, ఆగి తడిమి చూస్తూ, నచ్చకపోతే వదిలేసి పోతుంది. నచ్చిన చోట స్పర్శకాల్లోంచి జిగురు వదిలి తలను రాతికి అంటించుకుంటుంది. ఇక జన్మంతా తలకిందులుగా ఉండి, ఆరు జతల కాళ్లు పైకి చాచి నీళ్లలోని మేతను ఒడిసి పట్టుకుంటుంది. రొయ్యకు పిల్లప్పటి నుంచీ ఉన్న సరంజామానే మరో పనికి వాడుకుంటోందన్నమాట. చార్లెస్ డార్విన్ 1846 నుంచి ఎనిమిదేళ్లు ఈ బార్నకిల్స్ మీదే గడిపాడంటే ఆశ్చర్యం లేదు.

పెద్ద రూపం ఎంతగా మభ్యపెట్టగలదో చూడాలంటే శాక్యులినా చాలు. పీత కడుపు కింద, ఆడపీత గుడ్లు మోసే చోట, పసుపుపచ్చని సంచిలా వేలాడే ఈ పరాన్నజీవికి కాళ్లు లేవు, కళ్లు లేవు, నోరు లేదు, కణుపులు లేవు. పీత ఒంట్లోకి వేళ్ల వంటి పోగులు పరిచి ఆహారం పీల్చుకుంటుంది. అది మగపీతకు పడితే దాని పొట్టభాగం ఆడపీతకున్నట్టు వెడల్పవుతుంది. పరాన్నజీవి సంచినే తన గుడ్లనుకుని ఆ పీత సాకుతుంది. ఇంత చిత్రమైన ప్రాణిని కత్తితో కోసి ఎంత వెతికినా ఏ వర్గానికి చెందిందో చెప్పే ఆనవాలు దొరకదు. కానీ ఆ సంచిలోంచి నీళ్లలోకి వదిలే పిల్లలు కొమ్ములున్న నాప్లియస్‌లే. 1836లో ఈ సంగతి బయటపెట్టింది కూడా థాంప్సనే. వలస పోయినవాడు వేషభాషలు మార్చుకున్నా ఇంటిపేరు మార్చుకోనట్టు, శాక్యులినా సర్వం వదిలేసి నాప్లియస్‌ను మాత్రం నిలుపుకుంది.

మన వంశవృక్షంలోనే ఇలాంటి సంగతి ఇంకొకటి ఉంది. రాళ్లకు అతుక్కుని, రెండు గొట్టాలతో నీళ్లు పీలుస్తూ వదులుతూ బతికే తోలుసంచి లాంటి ట్యూనికేట్లను కూడా మొదట్లో మొలస్కాల పక్కనే ఉంచారు. 1866లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కొవలెవ్‌స్కీ వాటి పిల్ల తోకకప్పలా ఈదుతుందనీ, ఆ తోకలో పృష్ఠవంశం, దాని పైన బోలు నాడీదండం ఉంటాయనీ చూపించాడు. అవి వెన్నెముక గల జంతువుల పిండాల్లో కనిపించేవే. పిల్ల కొన్ని గంటలో కొద్ది రోజులో ఈది, తలతో రాతికి అంటుకుని, తోకను తనలోకే కరిగించుకుంటుంది. నూట నలభై ఏళ్ల తర్వాత, 2006లో, జన్యువులను పోల్చిన పరిశోధన మనకు అత్యంత దగ్గరి అకశేరుక బంధువులు ట్యూనికేట్లేనని తేల్చింది.

నా వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. పిల్లరూపం కూడా బతకాలి కదా, పరిస్థితులు దాన్ని మాత్రం మార్చవా? మారుస్తాయి. ఆస్ట్రేలియా తీరంలో హీలియోసిడారిస్ అనే సముద్రపు ముళ్లగుండ్ల జాతులు రెండున్నాయి. పెద్దవి చాలావరకు ఒకేలా ఉంటాయి. పిల్లల పోలికే వేరు. ఒకదాని పిల్ల పొడవాటి చేతులతో వారాల తరబడి ఈదుతూ మేస్తుంది. రెండోది పెద్ద గుడ్డులోని పోషకంతోనే కొద్ది రోజుల్లో ముళ్లగుండుగా మారిపోతుంది, దాని పిల్లకు మేసే చేతులే లేవు. పిల్లరూపం చూసి తీర్పు చెబితే ఇక్కడ అక్కచెల్లెళ్లను వేరుచేసినట్టవుతుంది. అందుకే నేను నమ్మమంటున్నది ఏదో ఒక దశలోని బొమ్మను కాదు, గుడ్డు నుంచి పెద్ద దాకా సాగే మొత్తం క్రమాన్ని. పిండం తన పూర్వీకుల పెద్ద రూపాలను వరసగా మళ్లీ ప్రదర్శిస్తుందన్న ఎర్నెస్ట్ హెకెల్ సిద్ధాంతం నిలవలేదు. అది నిలవనంత మాత్రాన, పిండాలు తోటి పిండాలను పోలి ఉంటాయనీ, పెరిగేకొద్దీ వేరుపడతాయనీ అంతకు ముందే పిండశాస్త్రవేత్త ఫాన్ బేర్ చెప్పిన మాట కొట్టుకుపోదు.

ఆ క్రమాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో వానపాము కథ చెబుతుంది. వానపాము ఒళ్లంతా కణుపులు, కాళ్లజెర్రి ఒళ్లంతా కణుపులు. కాబట్టి రెండూ ఒకే కుదురు అని కువియే కాలం నుంచి దాదాపు రెండు శతాబ్దాలు నమ్మారు. కానీ 1890ల్లో అమెరికాలోని వుడ్స్ హోల్ పరిశోధనశాలలో ఎడ్మండ్ విల్సన్ వానపాము బంధువైన సముద్రపు పురుగు గుడ్డునూ, ఎడ్విన్ కాంక్లిన్ నత్త గుడ్డునూ తీసుకుని, అవి చీలే తీరును కణం కణంగా రాసుకున్నారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, పై వరస కణాలు కింది వాటికి ఏటవాలుగా మెలితిరగడం మొదలుకొని, ఫలానా ఒక్క కణంలోంచి కండరాల పొర పుట్టడం దాకా ఆశ్చర్యమనిపించేంత పోలిక. ఆ పురుగులకూ నత్తలకూ నడుము చుట్టూ నూగుపట్టీ కట్టుకున్న బొంగరం లాంటి ట్రోకోఫోర్ డింభకం కూడా ఉమ్మడే. 1995, 1997ల్లో వెలువడ్డ డీఎన్ఏ పరిశోధనలు ఆ పక్షానే నిలిచాయి. వానపాము కుటుంబం నత్తల వైపుకు చేరింది. రొయ్యలు, తేళ్లు, కీటకాలు కుబుసం విడిచే నులిపురుగులతో కలిశాయి. ఇక్కడ దాచకూడని మాట ఒకటుంది: ఆ డీఎన్ఏ పరిశోధనలే రెండు చిప్పల మధ్య బతికే బ్రాకియోపాడ్లను కూడా నత్తల వైపు చేర్చాయి. వాటి పిండం చీలే తీరు చూసి నక్షత్రచేపల వైపు పెట్టిన శాస్త్రవేత్తలు పొరబడ్డారు. పిండ లక్షణాల్లో ఏదో ఒక్కదాన్నే పట్టుకున్నా ప్రమాదమే.

అలాంటప్పుడు డీఎన్ఏ ఒక్కటే చాలదా అని అడగవచ్చు. చాలదనడానికి ఒక ఉదాహరణ ఉంది. స్వీడన్ తీరపు బురదలో దొరికే జెనోటర్బెల్లా అనే చదునైన పురుగుకు మెదడు లేదు, మలద్వారం లేదు. 1997లో దాని డీఎన్ఏ చూసి, దాని లోపల కనిపించిన గుడ్లు, పిల్లలు చూసి, అది రూపం చెడిన ఆల్చిప్ప అని ప్రకటించారు. 2003లో అసలు సంగతి బయటపడింది. ఆ డీఎన్ఏ, ఆ పిల్లలు అది తిన్న ఆల్చిప్పలవి. దాని సొంత పిల్లలను శాస్త్రవేత్తలు కళ్లారా చూసింది 2013లో. నోరు లేకుండా, నూగుతో ఈదుతూ, ట్రోకోఫోర్ జాడే లేని ఆ పిల్లలు ఆల్చిప్ప కథను పూర్తిగా ముగించాయి. అసీల్ అనే మరో సాదా పురుగుల గుంపుతో దాని బంధాన్ని బలపరిచాయి. ఆ గుంపంతా నక్షత్రచేపలకూ మనకూ దగ్గరిదా, లేక ఎడమ కుడి పక్కలున్న మిగతా జంతువులన్నిటి కన్నా ముందే విడిపోయిన కొమ్మా అన్న తగవు ఇంకా తెగలేదు. జన్యు పట్టికలు రెండు వైపులా వాదిస్తున్నాయి.