బెట్ట తగిలిన పొత్తులో బూజు విషం

మొక్కజొన్న పొత్తు ఒలిచినప్పుడు కొసన పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు కనిపిస్తే ఏం చేస్తున్నారు? దులిపేసి ఆ గింజను ఇంటి వాడకానికి పక్కన పెడుతున్నారా? మంచి గింజ సంతకు, మసక గింజ ఇంటికి అనే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది ప్రమాదకరం.

ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది విడుదల చేసే విషం అఫ్లాటాక్సిన్. ఇది మనుషుల్లో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. ఉడికించినా, రొట్టె కాల్చినా ఈ విషం పూర్తిగా పోదు.

బెట్టకూ బూజుకూ లంకె

ఈ బూజు కళ్లంలోనే పడుతుందనుకుంటాం. కానీ అసలు కథ చేలోనే మొదలవుతుంది. బూజు నేలలోనూ, చెత్తలోనూ ఎప్పుడూ ఉంటుంది. నీరు సరిపడా అందిన మొక్క దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. వేరుశనగ గింజయితే తనను కాపాడుకునే రసాయనాలను తానే తయారు చేసుకుంటుంది. కాయ ఊరే దశలో బెట్ట తగిలి నేల వేడెక్కితే గింజలో తేమ తగ్గి ఆ శక్తి పోతుంది. బూజుకు మాత్రం ఆ కాస్త తేమే చాలు. మొక్కజొన్నలో పీచు వేసే దశలో ఎండ, బెట్ట కలిస్తే బూజు పీచు గుండా లోపలికి దిగుతుంది. పురుగు తొలిచిన రంధ్రం దానికి తెరిచిన తలుపే.

అరకు, పాడేరు కొండవాలు చేలల్లో మట్టి లోతు తక్కువ. వారం పది రోజులు వాన మొహం చాటేస్తే ఆకులు చుట్టుకుంటాయి. తీరా కోతకొచ్చాక ముసురు పడితే చేలో దూరిన బూజు కళ్లంలో పెరిగిపోతుంది.

1974లో ఏం జరిగింది?

ఆ ఏడాది రాజస్థాన్, గుజరాత్‌లలోని గిరిజన గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బు పడ్డారు. కామెర్లొచ్చి, పొట్టలో నీరు చేరి 106 మంది చనిపోయారు. కారణం ఈ విషమేనని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1975లో వెల్లడించారు.

కొద్దికొద్దిగా తింటే వెంటనే ఏమీ తెలియదు. ఏళ్ల తరబడి తింటే కాలేయం దెబ్బతింటుంది. ఈ విషం ఎక్కువగా తినే ప్రాంతాల కాలేయ క్యాన్సర్ రోగుల్లో పీ53 అనే జన్యువులో ఒకే చోట మార్పు ఉన్నట్లు 1991లో కనుగొన్నారు. అది విషం వదిలిన వేలిముద్ర లాంటిది. హెపటైటిస్-బి ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే పిల్లలకు ఆ టీకా తప్పక వేయించండి.

మీరు చేయాల్సినవి

* తొలకరికే విత్తండి. వాలుకు అడ్డంగా సాళ్లు తీయండి.
* మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసి, ఆకులలం కప్పితే తేమ నిలుస్తుంది.
* కాండం తొలిచే పురుగును మొదట్లోనే అదుపు చేయండి.
* కోసిన పొత్తులను కుప్ప వేయకండి. వట్టి నేలమీద కాక టార్పాలిన్ మీద ఆరబెట్టండి. పొయ్యిపైన కట్టి ఆరబెట్టే పెద్దల పద్ధతి మంచిదే, మానవద్దు.
* మొక్కజొన్నలో తేమ 12 శాతానికి, వేరుశనగలో 8 శాతానికి దిగాకే నిల్వ చేయండి. పొడి సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి ఆడించండి. ఉప్పు గోడకు అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టే. అంటుకోకపోయినా మరో రెండు ఎండలు చూపించండి.
* బూజు గింజను కోళ్లకు, పశువులకు వేయకండి. పాడి పశువు తింటే విషం పాలలోకీ వస్తుంది. లోతుగా పాతిపెట్టండి.

నాలుగు శేర్ల గింజ పారేయడం కష్టమే. కానీ ఇంటిల్లిపాది ఆరోగ్యం అంతకంటే విలువైనది. అనుమానముంటే మండల వ్యవసాయాధికారిని గానీ, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానాన్ని గానీ సంప్రదించండి.