ఆరు వేళ్లా, నాలుగు వేళ్లా?

కువైట్‌లోని వఫ్రా, అబ్దలీ తోటల్లో పనిచేసే మనవాళ్లు చలికాలంలో ఓ చిన్న డేగను చూసే ఉంటారు. ఖర్జూరపు చెట్ల సందుల్లోంచి నేలబారుగా దూసుకొచ్చి పిచ్చుకను తన్నుకుపోతుంది. అక్టోబరు, మార్చి మధ్య కనిపించేది చాలావరకు యూరేసియా స్పారోహాక్. ఏప్రిల్‌లోనో సెప్టెంబరులోనో అయితే తొందరపడి పేరు పెట్టకూడదు. దాన్నే పోలిన లెవంట్ స్పారోహాక్ వలస దారిలో అటుగా వెళ్లే రోజులవి.

సైజు చూసి తేల్చేద్దామంటే కుదరదు. రెక్కలు చాపితే యూరేసియా మగది 59-64 సెం.మీ., ఆడది 67-80. లెవంట్‌ది సుమారు 63-76. అంటే ఆ రెండింటి మధ్యే ఇరుక్కుంది. బరువు ఇంకా తికమక. యూరేసియా మగది 110 గ్రాములే ఉండొచ్చు, ఆడది 340 దాకా తూగొచ్చు. ఒక్క జాతిలోనే ఆలుమగల మధ్య ఇంత తేడా ఉంటే ఇక కొలతబద్దతో పనేముంది?

నమ్మదగ్గ లెక్క రెక్క కొసన ఉంది. ఎగిరేటప్పుడు చివరి ఈకలు వేళ్లలా విడివడి కనిపిస్తాయి. యూరేసియాకు 6, లెవంట్‌కు 4. అందుకే లెవంట్ రెక్క సన్నగా మొనదేలి ఉంటుంది, తెల్లటి అడుగుభాగం మీద నల్లటి కొస కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎగిరే పక్షి వేళ్లు కంటితో లెక్కపెట్టడం కష్టం, ఫోన్ కెమెరా చాలదు. మంచి లెన్సు కావాలి. చెట్టు మీద వాలితే కన్ను చూడండి. ఎదిగిన యూరేసియాకు పసుపు లేదా నారింజ, లెవంట్‌కు నలుపనిపించే ముదురు ఎరుపు. యూరేసియా మగదాని చెంప ఇటుక రంగు, లెవంట్‌ది బూడిద రంగు.

ప్రయాణంలోనూ తేడా ఉంది. యూరేసియా ఒంటరిగా వస్తుంది, లెవంట్ గుంపు కడుతుంది. 1987 వసంతంలో ఇజ్రాయెల్‌లోని ఐలాట్ మీదుగా దాదాపు 50 వేల లెవంట్‌లు వెళ్లినట్టు లెక్క తేలింది. ఆ రాదారికి కువైట్ బాగా తూర్పున ఉంది కాబట్టి ఇక్కడ అంత సందడి ఉండదు. జహ్రా మడుగుల దగ్గర ఒక్క పక్షే కనిపిస్తే, ఏప్రిల్ అయినా సరే, నా ఓటు ముందు యూరేసియాకే.

ఇంత పోలిక ఉన్నా ఇవి దగ్గరి చుట్టాలు కావని ఈమధ్యే తేలింది. రెండూ ఎన్నో ఏళ్లు ఆక్సిపిటర్ అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. జన్యు పరిశోధనల ఆధారంగా 2024లో దాన్ని విడగొట్టారు. యూరేసియా అక్కడే ఉండిపోయింది, లెవంట్ టాకీస్పిజా అనే ప్రజాతికి మారింది. రైల్వే కోడూరు మామిడి తోటల్లో తొండల్ని వేటాడే మన షిక్రాదీ ఆ ప్రజాతే. దాని వేళ్లు 5.