కొబ్బరి మట్ట పసుపు బారినపుడు

వేసవి చివర కోనసీమలో కొబ్బరితోట గట్టున నిలిచి చూచినచో, నిండు పచ్చని తలల నడుమ ఒకటి రెండు చెట్లు క్రింది మట్టలు పసుపెక్కి, కొనలెండి, మానునంటి వ్రేలాడుచు కనబడుట అరుదు కాదు. రైతు మనస్సు వెంటనే మందుల దుకాణమువైపు పోవును. కాని పసుపు ఒక వ్యాధి పేరు కాదు. జ్వరమువలె పలు రుగ్మతలకు అది సాధారణ లక్షణము. ఏ మట్టలో మొదలైనదో, ఎటు ప్రాకుచున్నదో చూడక చేయు చికిత్స వలన చెట్టును దక్కదు, డబ్బును దక్కదు.

మామిడికివలె కొబ్బరికి కొమ్మలు లేవు. ప్రాణమంతయు శిఖరమందలి ఒక్క మొవ్వులో నిలిచియుండును. ఆ మొవ్వు నుండి నెలకొకటి చొప్పున ఏటికి సుమారు 12 మట్టలు వెలువడి, ఒక్కొక్కటి రెండున్నర, మూడేండ్లు బ్రతుకును గనుక, ఆరోగ్యవంతమగు చెట్టు తలపై 30 మొదలు 40 వరకు మట్టలు వయఃక్రమమున అమరియుండును. అట్టడుగు మట్ట ఒకటి రెండు పండి రాలుట ప్రకృతిధర్మమే.

నత్రజని, పొటాషియము, మెగ్నీషియము చెట్టులో ఒకచోటినుండి మరియొకచోటికి పోగల పోషకములు. నేలలో అవి చాలనపుడు చెట్టు ముదురు మట్టలనుండి వానిని లాగి లేతవానికి పంపును. కనుకనే ఆ లోపము అడుగు వరుసలలో బయలుపడును. పొటాషియము కొరవడినచో ఆకుల కొనలును అంచులును పసుపై యెండగా, ఈనె చెంత పచ్చదనము మిగులును. మెగ్నీషియము కొరవడినచో ఎండ సోకిన భాగము పసుపై, పై ఆకు నీడ పడినచోట పచ్చగా నుండును. ఇచ్చటనే మన తోటలలో తరచు ఒక పొరపాటు జరుగును. దింపు తీయువారు కాయలతోపాటు సగము పచ్చగానున్న మట్టలను గూడ నరికివేయుదురు. లేత మట్టలకు పంపుటకు చెట్టు వాడుకొనుచున్న పొటాషియము వానియందే యుండుటచే, అవి పోయిన పిదప పైవరుస మట్టలనుండి లాగుకొనుట తప్పదు. పూర్తిగా ఎండిన మట్టనే తీయవలెను.

పసుపు నడిమి లేత మట్టలో మొదలై, ఆ మట్ట లాగినంతనే దుర్గంధముతో ఊడివచ్చినచో అది మొవ్వు కుళ్ళు. దీనికి కారణమగు, శిలీంధ్రమును పోలిన సూక్ష్మజీవిని బట్లరను శాస్త్రజ్ఞుడు గోదావరి ప్రాంతపు తాడిచెట్లనుండి గుర్తించి, 1907లో దానికి శాస్త్రీయనామ మొసగెను. వానకాలమున ఇది విజృంభించును. తొలిదశలో కుళ్ళిన భాగమును శుభ్రముగా తొలగించి, బోర్డోపేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చువరకు వాననీరు పడకుండ కప్పినచో చెట్టు బ్రతుకవచ్చును. ఆలస్యమైనచో ఆశ లేదు.

అడుగు మట్టలు వాడి వ్రేలాడుచు, మాను మొదట పగుళ్ళనుండి ఎఱ్ఱని గోధుమరంగు ద్రవము కారుచున్నచో గానోడెర్మా తెగులని శంకింపవలెను. ఇసుకనేలలలో, వేసవి నీటియెద్దడిలో ఇది ఎక్కువ. చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండిని ట్రైకోడెర్మాతో కలిపి పాదులో వేసి, 1 శాతము బోర్డోమిశ్రమముతో పాదును తడుపుట మేలు. రోగి చెట్టు పాదు నీరు పొరుగు చెట్టుకు పారనీయరాదు.

తెగులు లేక పోషకలోపమే యైనచో చికిత్స సులభము. కాపునకు వచ్చిన చెట్టుకు ఏటికి 1 కిలో యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేటు, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, రెండు విడతలుగా, మానుకు ఆనించక పాదంతట చల్లి మట్టిలో కలిపి నీరు పెట్టవలెను. మెగ్నీషియము లోపమునకు అర కిలో మెగ్నీషియము సల్ఫేటు చేర్చవలెను. నెల తిరుగకముందే ఫలితము కానరాలేదని మందు మార్చవలదు. పొటాషియము లేక ఎండిన మట్ట మరల పచ్చబడదు. నెలకొకటి చొప్పున కొత్త మట్టలు వచ్చి తల నిండుటకు రెండు మూడేండ్లు పట్టును.