రమజాన్ మాసంలో ఐఎన్ఆర్ పరీక్ష

మా మదర్సా విద్యార్థి ఒకరి తల్లిగారికి గుండెలో మైట్రల్ కవాటం చెడిపోగా, ఆరేళ్ళ క్రితం లోహపు కవాటం అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా ఆమె రోజూ మాత్ర వేసుకోవాలి, నెలకోసారి ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకోవాలి. గత రమజాన్‌లో ఆమె భర్త మమ్మల్ని అడిగారు: “హజ్రత్, రోజాతో రక్తమిస్తే రోజా నిలుస్తుందా?” “నిలుస్తుంది. అయినా తొందరేముంది, పండుగయ్యాక చేయించండి” అన్నాము. మొదటి మాట ధర్మశాస్త్రం చెప్పినది. రెండవది మాకు తెలియని విద్యలో మేము చొరబడి అన్నది. పండుగ నాలుగు రోజులుందనగా ఆమెను తీవ్రమైన ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చారు. కవాటం మీద రక్తం గడ్డకట్టింది. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకున్నారు. ఆ తరువాత గాని ఆ పరీక్ష ఏమిటో తెలుసుకోవాలని మాకు తోచలేదు. ఒక ల్యాబుకు వెళ్ళి, కూర్చుని చూశాము.

తీసిన రక్తాన్ని నీలం మూత గొట్టంలో నింపుతారు. అందులో సోడియం సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టి ఉంచడం వల్ల రక్తం గొట్టంలో గడ్డకట్టదు. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు ద్రవం ఉండాలి. గొట్టం సగమే నిండితే లెక్క తప్పుతుంది. మళ్ళీ సూది గుచ్చవలసి వచ్చిందని ల్యాబు పిల్లలను కసురుకునేవారు ఈ సంగతి గ్రహించాలి. గొట్టాన్ని యంత్రంలో వేగంగా తిప్పితే లేత పసుపు ప్లాస్మా పైకి తేరుతుంది. 37 డిగ్రీల వేడిలో దానికి థ్రాంబోప్లాస్టిన్‌ను, కాల్షియాన్ని కలిపి, గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలుస్తారు. ఈ పద్ధతిని 1935లో అమెరికా వైద్యుడు ఆర్మండ్ క్విక్ వెలువరించారు. ఆరోగ్యవంతులకు సుమారు 11 నుంచి 13 సెకన్లు పడుతుంది. అయితే ల్యాబుకొక రకం థ్రాంబోప్లాస్టిన్ వాడడంతో ఒకే రక్తానికి వేర్వేరు సెకన్లు వచ్చేవి. ఆ తేడాను సరిచేసే లెక్కే ఐఎన్ఆర్. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని స్వీకరించింది. మందు వాడని ఆరోగ్యవంతులకు ఇది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. తగ్గితే గడ్డలు ఏర్పడే ప్రమాదం, మరీ పెరిగితే రక్తస్రావ ప్రమాదం.

రమజాన్‌లో భోజన వేళలు, వంటకాలు, నిద్ర అన్నీ మారతాయి. మాత్ర మరచిపోవడానికి ఇంతకన్నా అనువైన నెల లేదు. పాలకూర, తోటకూర, మునగాకులలోని విటమిన్ కె వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రల పనికి ఎదురు నడుస్తుంది. ఆకుకూరలు మానేయనక్కరలేదు, ఒక వారం బొత్తిగా లేకుండా, మరో వారం రోజూ తినడమే చిక్కు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ ఐఎన్ఆర్‌ను పెంచుతుంది. డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ళలు వేసుకున్నా రక్తస్రావ ప్రమాదమే. ఇన్ని మార్పులున్న నెలలోనే పరీక్ష వాయిదా వేయమన్నాము మేము!

ఇక ఉపవాసం మాట. దైవప్రవక్త (సఅసం) ఉపవాస స్థితిలో హిజామా చేయించుకున్నారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. దానితో ఉపవాసం భంగం కాదని ఇమాం అబూ హనీఫా, ఇమాం మాలిక్, ఇమాం షాఫయీల మతం. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ భిన్నంగా చెప్పారు. హిజామాకే భంగం కాని ఉపవాసం పరీక్షకిచ్చే రెండు మూడు మిల్లీలీటర్ల రక్తానికి ఎలా భంగమవుతుంది? పైగా ఈ పరీక్షకు పరగడుపున ఉండనక్కరలేదు. ఇఫ్తార్ తరువాత ఇచ్చినా సరిపోతుంది.

హిజామా పేరెత్తాము గనుక మరో మాట. పలుచన మందు వాడేవారు డాక్టరును అడగకుండా హిజామాకు వెళ్ళరాదు, గాట్ల నుంచి రక్తం త్వరగా ఆగదు. సున్నత్ కదా అని దానికోసం సొంతంగా మాత్ర మానేయడం ఇంకా ప్రమాదం.

ఈసారి షాబాన్ నెలలోనే ఆ దంపతులు డాక్టరు వద్దకు వెళ్ళి వచ్చారు. ఉపవాసాలు ఉండాలా వద్దా అన్నది ఆయన సలహాకే వదిలారు. మేము పంచిన సహరీ, ఇఫ్తార్ వేళల పట్టికలో రెండు తేదీల చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. అవి ఆమె పరీక్ష తేదీలు.