అర్ధరాత్రి వాషింగ్ మెషిన్ వేస్తే కరెంట్ బిల్లు తగ్గుతుందా?

ఈరోజు ఎపిసోడ్‌ని ఒక తప్పుతో మొదలుపెడతాను. ఆ తప్పు చేసింది నేనే.

పోయిన వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు మా అమ్మకి ఒక సలహా ఇచ్చాను. "అమ్మా, రాత్రి పదకొండు దాటితే కరెంట్ చవక. మోటార్, వాషింగ్ మెషిన్ అప్పుడు వేసుకో" అని. కొడుకు బీటెక్ చదివాడు, సాఫ్ట్‌వేర్ జాబ్ చేశాడు, కాబట్టి అమ్మ నమ్మేసింది. మూడు నెలలు నిద్ర ఆపుకుని, పదకొండింటికి మెషిన్ వేసి, పన్నెండున్నరకి బట్టలు ఆరేసి పడుకుంది. మూడు బిల్లులు వచ్చాయి. పది రూపాయలు కూడా తగ్గలేదు. "చవక అన్నావు కదరా?" అని అడిగింది. అప్పుడు కూర్చుని టారిఫ్ చదివాను. చదివాక సలహా ఇవ్వాల్సింది, ఇచ్చాక చదివాను.

అసలు రాత్రి కరెంట్ చవక అనే మాట ఎక్కడ నుంచి వచ్చింది? నాకైతే బ్రిటన్‌లో ఉన్న ఫ్రెండ్స్ దగ్గర నుంచి వచ్చింది. అక్కడ 1978 నుంచి ఎకానమీ 7 అనే టారిఫ్ ఉంది. రాత్రి ఏడు గంటలు రేటు తక్కువ, దానికి బదులు పగటి రేటు మామూలు కంటే ఎక్కువ. ఎందుకంటే బొగ్గు, అణు విద్యుత్ కేంద్రాలని రాత్రి అవ్వగానే స్విచ్ తీసేసినట్టు ఆపలేం. జనం పడుకున్నాక వాడకం పడిపోతుంది, కరెంట్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. "ఇప్పుడు వాడండి, తక్కువకి ఇస్తాం" అన్నారు. అక్కడ టైమ్ బట్టి లెక్కపెట్టే మీటర్ ఉంది కాబట్టి అది పనిచేస్తుంది.

మా ఇల్లు తెలంగాణలో. అక్కడున్న మామూలు మీటర్‌కి టైమ్ తెలీదు, యూనిట్లు మాత్రమే తెలుసు. రాత్రి రెండింటికి వాడినా, సాయంత్రం ఏడింటికి వాడినా యూనిట్ యూనిటే. అక్కడ బిల్లుని మార్చేది స్లాబ్. 2022-23 టారిఫ్ చూడండి. నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100కి యూనిట్ 3.40, తర్వాత 100కి 4.80. మొత్తం 820 రూపాయలు. 201వ యూనిట్ పడిందా, మొదటి 200కి కూడా యూనిట్ 5.10 అవుతుంది. అంటే 1,020, దాని మీద ఆ ఒక్క యూనిట్‌కి 7.70. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లకైతే 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కాబట్టి అమ్మకి నేను చెప్పాల్సింది "ఎప్పుడు వాడాలి" అని కాదు, "ఈ నెల ఎన్ని అయ్యాయో మధ్యలో ఒకసారి మీటర్ చూసుకో" అని.

అయితే ఈ పరిస్థితి మారుతోంది. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల రూల్స్‌ని సవరించింది. దాన్ని టైమ్ ఆఫ్ డే టారిఫ్ అంటారు, షార్ట్‌గా టీఓడీ. రోజులో ఎనిమిది సోలార్ గంటల్లో యూనిట్ రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ గంటల్లో ఇళ్లకి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. ఏ గంటలు, ఎంత రేటు అనేది రాష్ట్రాల ఈఆర్‌సీలు ఆర్డర్ ఇవ్వాలి, ఇంటికి స్మార్ట్ మీటర్ ఉండాలి.

గమనించారా? చవక టైమ్ రాత్రి కాదు, పగలు! మధ్యాహ్నం సోలార్ కరెంట్ దండిగా వస్తుంది. సాయంత్రం ఆరు అయ్యేసరికి సూర్యుడు దిగిపోతాడు, సరిగ్గా అప్పుడే మనం ఇంటికొచ్చి లైట్లు, టీవీ, ఏసీ అన్నీ వేస్తాం. ఖరీదైన కరెంట్ అదే. కేరళలో నెలకి 250 యూనిట్లు దాటే ఇళ్లకి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు 10 శాతం తక్కువ, సాయంత్రం ఆరు నుంచి పది వరకు 25 శాతం ఎక్కువ, రాత్రికి మామూలు రేటు. అక్కడ మా అమ్మలా రాత్రంతా మేలుకున్నా డిస్కౌంట్ రాదు.

ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం. టైమ్ మార్చగలిగేవి: వాషింగ్ మెషిన్, మోటార్, ఇస్త్రీ, గ్రైండర్, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్. ఫ్రిజ్, ఫ్యాన్, రాత్రి ఏసీ మార్చలేం. మార్చగలిగేవి నెలకి 60 యూనిట్లు, రేటు 7 రూపాయలు అనుకుందాం. 20 శాతం అంటే యూనిట్‌కి 1.40, నెలకి 84 రూపాయలు. ఇదివరకు అవి పీక్‌లో వాడుతుంటే ఇంకో 70 పైసలు కలిసి 126 రూపాయలు. స్కూటర్ ఉన్నవాళ్లకి బాగా పనికొస్తుంది. బట్టలు మాత్రమే ఉతుక్కునే ఇంటికి టీ ఖర్చు మిగులుతుంది, అంతే.

ఇంకో మాట. ఈ "వాడకం తక్కువున్నప్పుడు వాడుకో" అనే ఐడియా మన పల్లెలకి కొత్త కాదు. మా తాత రాత్రి కరెంట్ కోసం టార్చి పట్టుకుని పొలానికి వెళ్లేవాడు. రాత్రి మిగిలే కరెంట్‌ని వ్యవసాయానికి ఇచ్చేవాళ్లు. పాము కాట్లకి, షాక్‌లకి ఎంతమంది రైతులు పోయారో పల్లెటూళ్లో పెరిగిన వాళ్లకి చెప్పక్కర్లేదు. గ్రిడ్‌కి లాభం వచ్చింది, నిద్ర పోయింది మాత్రం రైతుకి. నేను తెలీకుండా మా అమ్మతో కూడా అదే చేయించాను. పైగా ఇంట్లో అందరూ పడుకున్నాక వాషింగ్ మెషిన్ తిరుగుతూ ఉండొద్దని బ్రిటన్‌లో ఫైర్ సర్వీస్ వాళ్లే చెప్తారు, ఎకానమీ 7 పుట్టిన దేశంలోనే!

కాబట్టి మూడు పనులు చేయండి. ఒకటి, మీ బిల్లులో టీఓడీ అని, లేదా పీక్, ఆఫ్ పీక్ యూనిట్లు విడివిడిగా ఉన్నాయేమో చూడండి. రెండు, లేకపోతే టైమ్ మర్చిపోయి స్లాబ్ చూసుకోండి. మూడు, ఉంటే ఆ గంటలు రాసి ఫ్రిజ్ మీద అతికించండి, మెషిన్‌కి టైమర్ పెట్టండి. మీరు మేలుకోవద్దు.

అమ్మ ఇప్పుడు పొద్దున పదింటికి మెషిన్ వేస్తోంది. బిల్లు అంతే వస్తోంది. "ఎండకి బట్టలు తొందరగా ఆరుతున్నాయి, నాకు నిద్ర కూడా పడుతోంది" అంటోంది. మీ ఇంటికి స్మార్ట్ మీటర్ వచ్చిందా? వస్తే మొదటి బిల్లు ఎలా ఉందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.