పెరటితోటలో కాపలా మొక్కలు

విశాఖపట్నమున పెరడు అనునది నానాటికి కుదించుకొనిపోవుచున్నది. 1933లో రేవు తెరచిననాటి పల్లెలు ఎన్నియో నేడు పేటలైనవి. అయినను పెదవాల్తేరు పాత ఇండ్ల వెనుకను, ఉక్కునగరపు క్వార్టర్ల వెనుకను నాలుగు వంగమొక్కలకు, పది టమాటా మొక్కలకు చోటు మిగిలియే యున్నది. ఆ కొద్దిచోటునకు పురుగును తప్పక వచ్చును. పురుగు కనబడగనే అంగడికి పోయి మందుసీసా తెచ్చువారు కలరు. పొలములో మందు చల్లినచో ఇన్ని దినములు ఆగి కోయవలెనను నియమము కలదు. పెరటిలో ఆ నియమము నిలువదు. ఉదయము చల్లిన మొక్కనుండియే సాయంకాలము పులుసునకు కాయ కోయుదురు. బిడ్డలు అక్కడనే ఆడుకొందురు. కావున మందుసీసా జోలికి పోకముందు, తోడుమొక్కల వలన ఎంత ప్రయోజనమున్నదో విచారించుట మంచిది.

బంతి నాటినచో పురుగు రాదని పలువురు చెప్పుదురు. ఇందు సగమే నిజము. బంతి పురుగును తరుమదు, పిలుచును. టమాటా కాయను తొలుచు శనగపచ్చ పురుగు యొక్క తల్లి రెక్కలపురుగు బంతి మొగ్గలపై గ్రుడ్లు పెట్టుటకు మిక్కిలి మక్కువ చూపును. ఈ గుణమును ఆధారముగా గొని బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు 16 వరుసల టమాటాకు 1 వరుస బంతి అను పద్ధతిని రూపొందించిరి. ఇందలి కీలకమంతయు నారు వయస్సులో నున్నది. సుమారు 40 దినముల బంతినారును, 25 దినముల టమాటా నారును ఒకేనాడు నాటవలెను. అప్పుడే రెండును ఒకమారు పూతకు వచ్చును. దసరా పూలకై నాటిన బంతి కార్తికములో నాటిన టమాటాకు అక్కరకు రాదు. టమాటా పూయునాటికి అది వాడిపోయి యుండును.

పిలిచిన అతిథిని కనిపెట్టి యుండుట మన పని. రెండు మూడు దినముల కొకమారు బంతి మొగ్గలను త్రిప్పి చూచి, పురుగున్నవానిని త్రుంచి సబ్బునీటిలో వేయవలెను. ఆ ఓపిక లేనివారు బంతిని పూజకొరకే పెంచుకొనుట మేలు. ఏలన, పట్టించుకొనని ఎరమొక్క పురుగునకు పుట్టినిల్లగును.

ఆముదమును ఇట్టిదే. పొగాకు లద్దెపురుగు తన గ్రుడ్లను గుంపుగా ఆముదపుటాకుల అడుగున పెట్టి, పైన గోధుమవన్నె నూగు కప్పును. పొదిగిన పిల్లలు ఆకును జల్లెడవలె చేయును. ఆ ఒక్క ఆకును కోసినచో వందలకొలది పురుగులు ఒక్కసారి పోవును. పెరటికి ఒక్క ఆముదపు మొక్క చాలును. కాని గింజలో రిసిన్ అను ఘోరవిషము కలదు. పిల్లలున్న ఇంట గెలను లేతగా నున్నప్పుడే త్రుంచివేయవలెను.

ఘాటైన వాసనకు పురుగులు పారిపోవునను నమ్మకము కూడ పరీక్షకు నిలువదు. బీహారులోని పూసాలో పనిచేసిన హౌలెట్ అను కీటక శాస్త్రజ్ఞుడు, సిట్రొనెల్లా తైలపు వాసనకు మగ పండుఈగలు గుంపులుగా వచ్చి మూగుటను గమనించి 1912లో ప్రకటించెను. దోమలు దూరమగుటకై పూసికొను తైలమే ఈగలను రప్పించినది! అట్లు ఆకర్షించు మిథైల్ యూజినాల్ మన తులసిలోను కలదు. మామిడిపండ్ల ఈగను పట్టుటకు నలిపిన తులసాకును ఎరగా వాడుట అందువలననే. అయితే బీర, ఆనపకాయలను పాడుచేయు ఈగ వేరుజాతిది. దానికి ఈ వాసనతో పనిలేదు. తులసికోట ప్రక్కన పాదు పెట్టి నిశ్చింతగా నుండరాదు.

మిరపమడి చుట్టు రెండు వరుసలు జొన్న చల్లుట సులభమైన పని. పేనుబంక కొన్ని తెగుళ్లను తన నోటికొనపై మోసికొనివచ్చును. అది తొలుత జొన్నపై వ్రాలి ఆకును పొడిచి చూచును. ఆ పొడుపుతో నోటికంటిన తెగులు అచటనే తుడుచుకొనిపోవును. మిరప మొలకెత్తకముందే, లేదా నారు నాటకముందే జొన్న కొంత ఎదిగియుండవలెను. ఒక మూల బొబ్బర్లు, మరియొక మూల పూతకు వదలిన ధనియాలు ఉన్నచో, బొబ్బర్ల పేనును తినుటకు అక్షింతల పురుగులు, ధనియాల పూదేనెకై చిన్న కందిరీగలు చేరును. పేను కనబడినదని మందు కొట్టినచో ముందుగా చచ్చునవి ఈ మిత్రులే.

సముద్రపుటొడ్డు ఇసుకనేలలలో వేళ్లకు బుడిపెలు పుట్టించు నులిపురుగుల బాధ ఎక్కువ. బంతివేళ్లలోని ఆల్ఫా టర్థైనైల్ వానికి విరోధి. కాని నడుమ నడుమ రెండు మొక్కలు నాటినంత మాత్రమున ఫలముండదు. ఆ మడినిండ మూడు నెలలు బంతియే పెంచి, పిదప టమాటా నాటవలెను.

ఇక వంగమొవ్వును, కాయను తొలుచు పురుగునకు ఏ తోడుమొక్కయు నమ్మదగిన మందు కాదు. వ్రేలాడిన మొవ్వును పురుగున్న చోటికి దిగువగా కత్తిరించి, తొలిచిన కాయలతో కూడ లోతుగా పాతివేయవలెను. పెంటకుప్పపై పారవేసినచో పురుగు అచటనే రెక్కలు తొడిగి తిరిగి వంగమడికే వచ్చును.