లాసానగర యాత్ర

హిమాలయముల కావల, సముద్రమట్టమునకు సుమారు 12,000 అడుగుల యెత్తున, టిబెట్టు దేశపు ముఖ్యపట్టణమగు లాసా గలదు. ఒకప్పుడది పరదేశీయులకు ప్రవేశింపరాని పురము. 1924 వ సంవత్సరమున అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ అను ఫ్రెంచి వనిత యాచకురాలి వేషమున కాలినడకను బోయి దానిని జూచినది. 2006 నుండి అచ్చటికి రైలుబండియు నడచుచున్నది. అయినను నేటికిని విదేశీయులు ప్రత్యేకానుమతిపత్రము లేనిదే పోరాదు.

మేము కాట్మండునుండి విమానమున వెడలితిమి. రెండు గంటలు గడువకమున్నే 7,000 అడుగులకు పైగా నెక్కినవార మైతిమి. ఇంత త్వరగా నింత యెత్తున కెక్కుటయే ప్రమాదము. అచ్చట మనకు లభించు ప్రాణవాయువు సముద్రతీరమున లభించుదానిలో మూడింట రెండుపాళ్లు మాత్రమే. తలనొప్పి, వికారము, నిద్రలేమి పలువురకు గలుగును. మాతో వచ్చిన యొక వృద్ధురాలు మొదటి రాత్రి యెల్ల తల పట్టుకొని కూర్చుండెను. రెండుదినములు గది కదలక విశ్రమించి, మూడవనాడు మాకంటె ముందు నడచెను. కాని బాధ హెచ్చుచున్నను, అడుగులు తడబడినను, ఊరకున్నపుడే ఆయాసము గలిగినను తడయక క్రిందికి దిగవలయును, లేనిచో ప్రాణాపాయము. గర్భిణులును, గుండెజబ్బు గలవారును బయలుదేరకమున్నే వైద్యుని సలహా పొందవలయును.

వంటయింటి ధర్మమును అచ్చట మాఱును. నీరు సుమారు 88 డిగ్రీలకే మరగును. ఎసరు తెర్లుచునే యుండును గాని పప్పు మెత్తబడదు. ఆ చలినేలను పండు యవలను వేయించి విసరిన పిండియే వారి నిత్యాహారము. దాని పేరు త్సంపా. మన పేలపిండివలె దానిని మరల నుడికింప బనిలేదు. ఉప్పును వెన్నయు గలిపిన తేనీటితో ముద్దచేసి తినెదరు.

నగరమధ్యమున జోఖాంగు ఆలయము గలదు. ఏడవ శతాబ్దమున స్రోంగ్‌త్సన్ గంపో రాజును బెండ్లాడిన నేపాళ రాజపుత్రి భృకుటియు, చీనా రాజపుత్రి వెన్‌చెంగును బుద్ధవిగ్రహములను దెచ్చి యీ దేశమున ధర్మము నాటిరని వారి నమ్మకము. చారల కుచ్చెళ్లు ముందు గట్టుకొన్న గృహిణులు జపచక్రములు ద్రిప్పుచు నాలయమునకు బ్రదక్షిణము సేయుచుందురు. కొండపైనున్న పొటాలా సౌధమును 1645 లో ఐదవ దలైలామా కట్టింప నారంభించెను. పదునాల్గవ దలైలామా 1959 లో భారతదేశమునకు వచ్చినది మొద లది యజమానిలేని యిల్లు, నేడు ప్రదర్శనశాల. పదేసి మెట్ల కొకసారి నిలుచుచు దాని నెక్కితిమి.

నగరమునకు బడమట 1416 లో వెలసిన డ్రెపుంగు విహారము గలదు. ఆ పేరునకు ధాన్యరాశి యని యర్థము. మన కృష్ణాతీరపు ధాన్యకటకమును దలచి పెట్టిన పేరది. బుద్ధుడు కాలచక్రతంత్రము నచ్చటనే యుపదేశించెనని టిబెట్టువారి విశ్వాసము. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్రదీక్ష నొసంగెను. స్వదేశమును మరల జూడనోచని యాయన తన విహారపు పేరిటి మూలస్థానమును జూడగలిగెను.

లాసా యాత్ర యందఱకు సాధ్యము గాదు. ధాన్యకటకమునకు బోవుట కనుమతిపత్రము వలదు, ఆయాసమును లేదు. మన సోదరీమణులు ముందుగా దానిని జూతురుగాక.